కట్టేది రెండు నిమిషాల్లో, రావాల్సింది ఎప్పుడో: సర్కారు ఆన్‌లైన్ సేవలు ఇరవై ఏళ్ళు వాడాక

మా బీరువా పై అరలో ఒక పాత డైరీ ఉంది. నాన్న రైల్వేలో ఉన్నప్పటిది. అందులో ఖాళీగా మిగిలిన పేజీల్లో ఇప్పుడు ఇంటి నంబర్లన్నీ రాసుకుంటున్నాం. కరెంటు బిల్లుకు యూఎస్‌సీ నంబరు, నల్లా బిల్లుకు క్యాన్ నంబరు, ఇంటి పన్నుకు పీటీఐఎన్, అమ్మ పెన్షన్‌కు పీపీఓ నంబరు. పక్కన పాస్‌వర్డులు, వాటిని కొట్టేసి రాసిన కొత్త పాస్‌వర్డులు. (ఇలా రాసిపెట్టకూడదని తెలుసు. కానీ ఊరికే మార్చమంటుంటే మనిషి ఏం చేస్తాడు?) సర్కారుతో మా ఇంటి లావాదేవీ అంతా ఆ నాలుగు పేజీల్లోనే ఉంది. 2002 నుంచి వాడుతున్నాను కాబట్టి ఏది పనిచేస్తోందో, ఏది సతాయిస్తోందో చెప్పొచ్చనే అనుకుంటున్నాను.

మేముండేది మల్కాజిగిరి. ఒకప్పుడు కరెంటు బిల్లుకు ఒక చోట, ఫోన్ బిల్లుకు ఇంకో చోట, నల్లా బిల్లుకు మరో చోట లైన్ కట్టాలి. నైట్ డ్యూటీ దిగి వచ్చిన నాన్న నిద్ర మానుకుని ఆ లైన్లలో నిలబడేవాడు. 1999 చివర్లో ట్విన్స్ పేరుతో బంజారాహిల్స్‌లో ఒక్క కేంద్రంగా మొదలైన ప్రయోగం 2001లో ఈసేవగా మారి నగరమంతా వచ్చింది. ఏ కౌంటర్‌కు పోయినా ఏ బిల్లైనా తీసుకునేవారు. నాన్న మొదటిసారి మూడు బిల్లులూ ఒకే కిటికీలో కట్టి వచ్చి, రసీదులు అమ్మకు చూపించి తెగ సంబరపడ్డాడు. అయినా నమ్మకం కుదరక మర్నాడు ఫోన్ ఆఫీసుకు వెళ్ళి, డబ్బు నిజంగానే జమ అయిందా అని కనుక్కుని మరీ వచ్చాడు.

2011లో మీసేవ వచ్చాక బిల్లులతో పాటు ధ్రువపత్రాలు కూడా కౌంటర్‌లో దొరకడం మొదలైంది. ఆకుపచ్చ ఇంకు సంతకం, గుండ్రటి సీలు పోయి డిజిటల్ సంతకం వచ్చింది. కాగితం మీదున్న నంబరు కొడితే అది అసలుదో కాదో ఎవరైనా చూసుకోవచ్చు. ఈ ఒక్క మార్పు విలువ ఎంతో, గెజిటెడ్ ఆఫీసరు సంతకం కోసం ఇళ్ళ గుమ్మాల దగ్గర పడిగాపులు పడ్డ నా వయసు వాళ్ళకే తెలుస్తుంది.

సరే, మార్కులు. మనం సర్కారుకు డబ్బు కట్టే పనులకు 10కి 9. సర్కారు నుంచి మనకు కాగితం రావాల్సిన పనులకు 6. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్న పనులకు 2, అది కూడా జిరాక్స్ షాపు పిల్లాడి పుణ్యాన.

కట్టడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు, అంత బాగుంది. ఏప్రిల్‌లో ఎర్లీ బర్డ్ కింద ఇంటి పన్ను ముందే కడితే 5 శాతం తగ్గుతుంది, చాయ్ చల్లారేలోపు అయిపోతుంది. చలానాలైతే ఇంకా వేగం. మెట్టుగూడ దగ్గర ఒకసారి బండి వెనక కూర్చున్న మా బావమరిదికి హెల్మెట్ లేదు. ఎవరూ ఆపలేదు, ఎవరూ అడగలేదు. తర్వాత చూస్తే ఇద్దరి వీపులూ, బండి నంబరూ, టైముతో సహా ఫొటో. కాదనడానికి ఏమీ లేదు, తప్పు మాదే. అయితే 2022 మార్చిలో బండ్ల పాత చలానాలు పావు వంతు కడితే చాలన్నారు, 2023 డిసెంబరులో ఏకంగా 80 శాతం తగ్గించారు. అప్పట్నుంచి మా కాలనీలో చలానా వెంటనే కట్టేవాణ్ణి అమాయకుడిలా చూస్తున్నారు.

డిజిలాకర్‌కు మాత్రం నా ఓటు పూర్తిగా. 2015లో వచ్చినప్పుడు పట్టించుకోలేదు. ఒక వానాకాలం సాయంత్రం పర్సు తడిసి ఆర్‌సీ కాగితం ముద్దయ్యాక పెట్టుకున్నాను. అందులోని లైసెన్సు, ఆర్‌సీ అసలు వాటితో సమానమని 2018లో కేంద్రం తేల్చి చెప్పింది. తార్నాకలో చెకింగ్ దగ్గర ఫోన్ చూపించి వచ్చేసిన రోజు, ఇంట్లో ఉన్న ఆ ముద్దను తీసి పారేశాను.

ఇక రావాల్సిన కాగితాల సంగతి. పోయిన ఏడాది పాప ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఆదాయ ధ్రువపత్రం కావాల్సి వచ్చింది. అప్లికేషన్ వేయడం పావుగంట పని, రసీదు చేతికొచ్చింది, ఫోన్‌కు మెసేజ్ కూడా వచ్చింది. అక్కడి నుంచి ఫైలు వెళ్ళాల్సిన ఆఫీసు పేరు చెప్పను. రోజూ పొద్దున లేచి నంబరు కొట్టి చూడటం, 'ప్రాసెస్‌లో ఉంది' అని చదువుకోవడం. పదకొండు రోజులయ్యాక ఆగలేక వెళ్ళాను. అక్కడి ఉద్యోగి కంప్యూటర్ చూసి, నా వంక చూసి, చాలా మర్యాదగా అడిగాడు:

"హార్డ్ కాపీ ఇచ్చిన్రా సార్?"

"అన్నీ ఆన్‌లైన్‌లో పెట్టాం కదండీ."

"పెట్టిన్రు, కనబడుతున్నయ్. కానీ ఒక సెట్ జిరాక్స్ మాకు ఇక్కడ ఇయ్యాలె. అది లేకపోతే ఫైల్ కదలదు."

రసీదు మీద ఆ మాట ఎక్కడా లేదు. కిందికి దిగి జిరాక్సులు తీయించి ఇచ్చాను. రెండో రోజు సాయంత్రానికి సంతకమై వచ్చింది. అంటే అసలు పని రెండు రోజులదే, మిగతా పదకొండు రోజులూ ఎవరూ చెప్పని ఒక కాగితాల కట్ట కోసం. ఆ ఉద్యోగి మీద నాకు కోపం లేదు. పై నుంచి తనిఖీకి వచ్చేవాళ్ళు ఆయన్ని ఫైలే అడుగుతారు, స్క్రీన్ అడగరు. డబ్బు కట్టించుకునే దారిలో మధ్యలో మనిషి లేడు కాబట్టి అది పరుగెత్తుతుంది. ఇచ్చే దారిలో ముగ్గురు నలుగురి బల్లలు అలాగే ఉండగా, ముందు గుమ్మానికి మాత్రం కొత్త తలుపు పెట్టారు.

ఇప్పుడు అసలు బాధకు వస్తాను. పేర్లు.

వెంకటేశ్వర్లు అనే పేరే తీసుకోండి. తెలుగులో రాస్తే మన రాష్ట్రంలోనైనా పక్క రాష్ట్రంలోనైనా ఒకేలా రాస్తారు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఎస్ పక్కన హెచ్ పెట్టేవాళ్ళు కొందరు, పెట్టనివాళ్ళు కొందరు. ఎస్ తర్వాత వీ రాసేవాళ్ళు, డబ్ల్యూ రాసేవాళ్ళు, ఆర్‌కూ ఎల్‌కూ మధ్య ఒక ఏ ఇరికించేవాళ్ళు. కంప్యూటర్ పోల్చి చూసేది ఈ ఇంగ్లీషునే. నాన్న పేరులోనూ ఇలాంటి హెచ్ ఒకటుంది. రైల్వే కాగితాల్లో అది లేదు, అమ్మ ఆధార్‌లో ఉంది. నాన్న బతికుండగా ఆ హెచ్ ఎవరికీ అడ్డం రాలేదు. ఆయన పోయాక ఒక పోర్టల్‌లో అమ్మ పేరు మీద వివరాలు ఎక్కిస్తుంటే ఎర్రక్షరాల్లో 'పేరు సరిపోలలేదు' అని వచ్చింది. నలభై ఏళ్ళ కాపురం ఒక అక్షరం దగ్గర ఆగిపోయింది.

దీనికి తోడు ఇంటిపేరు. మనం ఇంటిపేరు ముందు పెడతాం, అదీ పొడి అక్షరంగా. ఫారంలో మొదటి పేరు, చివరి పేరు అని రెండు గళ్ళు, రెండూ తప్పనిసరి. ఏది ఎందులో రాయాలో ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. మా ఇంట్లో నలుగురికీ నాలుగు రకాలుగా ఉంది.

అడ్రస్ ఇంకో కథ. మేము ఇల్లు మారలేదు, గోడ కూడా జరగలేదు. కానీ 2007లో మా మున్సిపాలిటీ జీహెచ్‌ఎంసీలో కలిసింది, 2014లో రాష్ట్రం మారింది, 2016 అక్టోబరులో రంగారెడ్డి జిల్లా పోయి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా వచ్చింది. అమ్మ దగ్గరున్న కాగితాలు వరుసగా పేరిస్తే ఆమె మూడు ఊళ్ళలో బతికినట్టు ఉంటుంది. మనిషికి చూపిస్తే నవ్వి వదిలేస్తాడు. వెబ్‌సైట్ నవ్వదు.

 ఆధార్ జోలికి పోకుండా, కాగితాల్లోని ఆ ఇద్దరూ ఒక్కరేనని నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించాం. ఎర్ర సీలు, రబ్బరు స్టాంపు, అన్నీ పాతకాలం సరంజామా. దాన్ని స్కాన్ చేసి ఆ పోర్టల్‌లో ఎక్కించాలి, ఫైలు 200 కేబీ దాటకూడదు. స్టేషన్ రోడ్డులో జిరాక్స్ షాపు పిల్లాడు అరగంట కుస్తీ పట్టి నన్ను అడిగాడు: "అన్నా, క్లారిటీ కావాల్నా, సైజు కావాల్నా? రెండూ రావు." సైజే కావాలన్నాను. సీలు ఎర్ర మచ్చలా కనిపించే ఆ ఫైలు ఆమోదం పొందింది. లోపల ఏముందో ఎవరైనా చదివారా అనేది నా అనుమానం.

అదే పోర్టల్‌లో తెలుగు కావాలంటే ఒక బటన్ ఉంది. నొక్కితే 'హోమ్' అనే చోట 'గృహము' అని వస్తుంది. మళ్ళీ ఇంగ్లీషుకే మార్చుకున్నాను.

బాగా మారిందని చెప్పాల్సింది అమ్మ లైఫ్ సర్టిఫికెట్. ఫ్యామిలీ పెన్షన్ కాబట్టి ఏటా నవంబరులో బతికున్నానని చెప్పాలి. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చింది, వేలిముద్రతో ఇంటి దగ్గరే అయిపోతుందన్నారు. కానీ యాభై ఏళ్ళు గిన్నెలు తోమి, బట్టలు ఉతికిన వేళ్ళు అవి, గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. పరికరం మీద పది వేళ్ళూ పెట్టించి, తుడిపించి, మళ్ళీ పెట్టించి చివరికి పాత పద్ధతిలో కాగితమే ఇచ్చి వచ్చేవాళ్ళం. 2021 నవంబరు నుంచి ముఖం చూపిస్తే చాలన్నారు. ఫోన్‌లోనే, వేరే పరికరం అక్కర్లేదు. మొదటిసారి చేసినప్పుడు వరండాలో వెలుతురుకు కూర్చోబెట్టాను. అమ్మ మొహం కడుక్కుని, బొట్టు పెట్టుకుని, పెళ్ళిచూపులకు కూర్చున్నట్టు కూర్చుంది. ఫోన్ తెర మీద గుండ్రటి గీత, కళ్ళు ఆర్పమని సూచన.

"అమ్మా, కళ్ళు ఆర్పు."

ఆర్పింది. గీత రంగు మారలేదు.

"మళ్ళీ ఒకసారి, మెల్లగా."

"ఇంకెన్నిసార్లు ఆర్పాలె రా? నేనేమన్న సిగ్నల్ లైటునా?"

రైల్వే మనిషి భార్య కదా. నాకు నవ్వొచ్చి ఫోన్ కదిలింది, మళ్ళీ మొదటికొచ్చింది. ఐదోసారికి పచ్చ గీత పడింది. ఇప్పుడైతే రెండో ప్రయత్నంలోనే అయిపోతోంది, కళ్ళజోడు తీసి గోడకు ఆనుకుని కూర్చోవాలని ఆమెకే తెలుసు.

ఫోన్ చేతిలో ఉన్న నాకే ఇంత టెన్షన్ అయితే, లేనివాళ్ళ సంగతి వేరే చెప్పాలా? మా ఇంట్లో పనిచేసే ఆమె నెలకు ఒకసారైనా, "సార్, మీ ఫోన్‌ల జర చూడుండ్రి" అని ఏదో రసీదు నంబరు తెస్తుంది. 2023 డిసెంబరు 28 నుంచి పదిరోజులు సర్కారు పథకాలకు ప్రజాపాలన దరఖాస్తులు కాగితం మీదే తీసుకున్నప్పుడు, ఇంత ఆన్‌లైన్ ఉండగా మళ్ళీ ఈ లైన్లేమిటని నేను విసుక్కున్నాను. ఆమె మాత్రం పొద్దున్నే వెళ్ళి తన చేత్తో ఇచ్చి, రసీదు తీసుకుని నిశ్చింతగా వచ్చింది. తర్వాత కరెంటుకు జీరో బిల్లు రావడం మొదలైన రోజు ఆ బిల్లును నాకు తెచ్చి చూపించింది, అచ్చం నాన్న ఈసేవ రసీదులు చూపించినట్టే.

విజయవాడలో ఉండే మా అక్క ఇప్పుడు అన్నీ వాట్సాప్‌లోనే అంటోంది. 2025 జనవరిలో అక్కడ 161 సేవలతో మన మిత్ర మొదలైంది. బటన్లు తక్కువ, గృహము గొడవ లేదు. వాట్సాప్ అయితే అమ్మకూ వచ్చు, పొద్దున్నే దేవుడి బొమ్మలు పంపుతుంది. దారి అదేనని నాకూ అనిపిస్తోంది, వెనక బల్లల సంగతి తేలితే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. ముందు ఇంట్లో పెద్దవాళ్ళ ఆధార్‌కు ఏ ఫోన్ నంబరు ఉందో చూసుకోండి. అమ్మ ఆధార్‌కు చాలాకాలం నిజామాబాద్‌లో ఉండే మా తమ్ముడి నంబరు ఉండేది. ఏ పని మొదలుపెట్టినా ఓటీపీ వాడికి పోయేది. వాడు బండి మీద ఉండేవాడు. పక్కకు ఆపి, హెల్మెట్ తీసి, కళ్ళజోడు వెతుక్కుని చదివేసరికి టైమ్ అయిపోయేది. నాలుగు నెలల క్రితం అమ్మను కేంద్రానికి తీసుకెళ్ళి ఆమె సొంత నంబరే ఎక్కించాం. ఇప్పుడు నేను హాల్లో కూర్చుని అడగగానే అమ్మ వంటింట్లోంచే ఆరంకెలూ పక్కింటికి వినబడేలా చదువుతుంది, "ఎవ్వరికీ చెప్పొద్దని వాళ్ళే రాసిన్రు కద రా" అంటూనే.