పాత జీపీఎస్ పోయింది: మళ్ళీ అదే కొనాలా, ఫోన్ చాలా?

శ్రీకాకుళం, విజయనగరం తీరంలో భావనపాడు నుంచి చింతపల్లి దాకా ఫైబర్ బోటుతో చేపల వేటకెళ్ళేవాళ్ళ ప్రశ్నే ఇది.

ఖర్చు: సముద్రంలో మనమున్న చోటు చూపే చేతి జీపీఎస్‌కి వేలు పోయాలి. ఫోన్ జేబులోనే ఉంది.

బ్యాటరీ: గార్మిన్ ఈట్రెక్స్ 10 అనే చేతి జీపీఎస్ రెండు పెన్సిల్ సెల్స్‌తో దాదాపు 20 గంటలు నడుస్తుంది, అయిపోతే మార్చడమే. ఫోన్‌కి పవర్ బ్యాంక్ తప్పదు.

నీళ్ళు: అసలు తేడా ఇక్కడే. తడిచేత్తో ఫోన్ తెరని ఒకచోట నొక్కితే ఇంకోచోట పలుకుతుంది. ఈట్రెక్స్‌కి బటన్లు; మీటరు లోతులో అరగంట మునిగినా తట్టుకుంటుంది. తేలదు మాత్రం, తాడు కట్టాల్సిందే.

సిగ్నల్: టవర్ అందకపోతే ఫోన్‌లో జీపీఎస్ ఆగిపోతుందంటారు. ఆగదు, అది ఉపగ్రహాల నుంచి వచ్చేది. ఆగేది మ్యాపే, ఒడ్డున ఉండగానే దించుకోవాలి.

ఏది కొన్నా వల బాగా పడే చోట్ల జీపీఎస్ అంకెలు (అక్షాంశం, రేఖాంశం) నోటుబుక్కులో ఎక్కించండి. మా పాతదానితో పాటు అవీ పోయాయి, ఇప్పటికీ వెతుక్కుంటున్నాం.

కళింగపట్నం లైట్‌హౌస్ కనబడే దూరంలో పగటి వేటైతే ఫోన్ చాలు. రాత్రుళ్ళు లోతుకెళ్ళేవాళ్ళు చేతి జీపీఎస్సే కొనండి. ఫోన్‌ని ప్లాస్టిక్ కవరులో చుట్టి తోడుగా ఉంచుకోండి.