అనంతపురం సోలార్ కాంట్రాక్టర్ రివ్యూ: బోర్డు ఒకటే, టీములు నాలుగు

పీఎం సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో వచ్చింది. 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ అనేసరికి అనంతపురంలో సోలార్ బిగించేవాళ్లకు చేతినిండా పని. ఒక వ్యాను, ముగ్గురు పనోళ్లతో నడిచిన దుకాణాలు ఇప్పుడు నాలుగేసి టీములయ్యాయి. ఈ రివ్యూ అట్లా పెరిగిన ఒక సంస్థ గురించి. పేరు రాయడం లేదు, రాసినా ఉపయోగం లేదు. అదే బోర్డు కింద రెండు టీములు బిగించిన రెండు మిద్దెలు చూస్తే మొదటి టీం పనికి 5కి 4.5, రెండో టీం పనికి 2 వెయ్యాల్సొస్తుంది. సామాను ఒకటే, ధర ఒకటే. తేడా అంతా సూపర్వైజర్ తన టీంలోని పనోళ్లను చూసుకునే తీరులో ఉంది.

సామానుకు వంక పెట్టేదేమీ లేదు. 540 వాట్ల ప్యానెళ్లు ఆరు, గాల్వనైజ్డ్ స్ట్రక్చర్, 4 చదరపు మిల్లీమీటర్ల డీసీ కేబుల్, మూడు ఎర్తింగులు. వాలు దక్షిణానికి 15 డిగ్రీలు, మన ఊరికి సరిపోతుంది.

తేడా కొట్టొచ్చినట్టు కనపడేది ఎర్తింగ్ గుంత దగ్గర. రాడ్ 3 మీటర్లు దిగాలి. మన నేల గరుసు, నాలుగడుగులకే రాయి తగుల్తుంది. రెండో టీంలో సుత్తి పట్టుకున్నాయన యాభైకి దగ్గరున్న ఫిట్టర్. "అన్నా, రాయి తగిలింది" అని ఫోన్ చేస్తే, వయసులో తనకన్నా చానా చిన్నవాడైన సూపర్వైజర్ అన్న మాట: "రేయ్, నీకు రాయి, నాకు ధర్మవరం సైటు. పూడ్చెయ్ పో." పైకి మిగిలిన రాడ్‌ను హ్యాక్సాతో కోసి, మూత బిగించి, చుట్టూ సిమెంటు పూసేశారు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. ఎర్త్ టెస్టర్ పెట్టి నేల నిరోధం చూస్తే 5 ఓమ్‌ల లోపు రావాల్సింది 30 దాటింది. పిడుగు పడినా, ఇన్వర్టర్ (ప్యానెళ్ల డీసీ కరెంటును ఇంటికి పనికొచ్చే ఏసీగా మార్చే పెట్టె) బాడీకి కరెంటు పాకినా ఆ గుంత ఉన్నా లేనట్టే.

మొదటి టీంకూ అదే నేల, అదే రాయి. అక్కడి సూపర్వైజర్ "యాడ తగిలింది మామా? రెండడుగులు పక్కకు జరిపి చూడు" అన్నాడు. అక్కడా దిగకపోతే, రాడ్ పొడవంత దూరం వదిలి రెండోది దించి, రెంటినీ జీఐ పట్టీతో కలిపి, తేమ పట్టి ఉంచే బెంటొనైట్ మట్టి పోసి నీళ్లు పట్టించారు. రెండు గంటలు ఎక్కువ పట్టింది. సాయంత్రం వెళ్లాల్సిన ఇంటికి ఆయనే ఫోన్ చేసి రేపటికి మార్చుకున్నాడు. ఆ ఇంటివాళ్ల తిట్లు తిన్నది ఆయన, ఫిట్టర్ కాదు.

రెండో సూపర్వైజర్ చెడ్డవాడని కాదు. ఓనరు ఆయనకు బోనస్ ఇచ్చేది నెలకు ఎన్ని సైట్లు పూర్తి చేశాడన్న లెక్క మీద. ఒక పక్క తాడిపత్రి, ఇంకో పక్క ధర్మవరం, ఒకే రోజు నాలుగు సైట్లు ఫోన్లోనే నడుపుతుంటాడు. మిద్దె పనిలో ఒక మనిషి కంటితో చూసుకోగలిగేది రోజుకు రెండు సైట్లే. బోనస్‌ను 'మూడు నెలల్లో కంప్లయింట్ రాని సైటు' మీద పెట్టి, అందులో సగం టీంకు పంచితే రాడ్ కోసే పని దానంతటదే ఆగిపోతుంది.

తిట్టడానికి ఈ సంస్థలో ఒక వాట్సాప్ గ్రూపు కూడా ఉంది. తప్పు పని ఫొటోకు ఎర్ర గీత చుట్టి, పదహారు మంది చూసేట్టు పెడతారు. ఫలితం ఏమైందంటే, రెండో టీం పంపే ఫొటోలన్నీ అందంగానే ఉంటాయి, తప్పున్న చోట ఫొటోనే ఉండదు. ప్యానెల్ పగిలితే కూలిలో కోత కూడా అంతే. బిగించేటప్పుడు ఎవరైనా ప్యానెల్ మీద కాలు పెడితే అద్దం పగలదు, లోపలి సెల్‌లో వెంట్రుకంత చీలిక వస్తుంది. కోతకు భయపడినవాడు నోరు మెదపడు. కొన్నాళ్లకు ఆ ప్యానెల్ కరెంటు తగ్గుతుంది, ఒక మచ్చ దగ్గర వేడెక్కుతుంది. అప్పుడు కారణం ఎవరికీ తెలియదు.

ప్రాణం మీదికొచ్చేది డీసీ వైపు, అంటే ప్యానెళ్ల నుంచి ఇన్వర్టర్ దాకా. ఆరు ప్యానెళ్లు వరుసలో కలిపితే దాదాపు 300 వోల్టులు. ఎండ ఉన్నంతసేపు దాన్ని ఆపే స్విచ్ ప్యానెల్లో లేదు. నడుస్తున్నప్పుడు ఎమ్‌సీ4 కనెక్టర్ (ప్యానెళ్ల తీగలను కలిపే ప్లగ్గు) పీకితే నిప్పు సాగుతుంది, చెయ్యి కాలుతుంది. ముందు ఏసీ ఎంసీబీ (ఇంటి వైపు స్విచ్), తర్వాత డీసీ ఐసోలేటర్ (ప్యానెళ్ల వైపు స్విచ్) ఆపి, ఆ తర్వాత తీగలో కరెంటు చూపే క్లాంప్ మీటర్‌లో సున్నా చూశాకే కనెక్టర్ ముట్టాలి. మొదటి టీంలో కొత్త హెల్పర్ చేత ఈ వరుస నోటితో చెప్పించి గానీ మిద్దె ఎక్కించరు. రెండో టీంలో కనెక్టర్ పిన్నును తీగకు నొక్కి బిగించే క్రింపింగ్ టూల్ వేరే వ్యానులో ఉండిపోయిందని కటింగ్ ప్లయర్‌తో నొక్కేశారు. ఆ జాయింటు ఏదో ఒక మే నెలలో కరగక మానదు.

ఆషాఢం గాలికి 28 కిలోల ప్యానెల్ గాలిపటంలా లేస్తుంది. రామగిరిలో గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా! ఒక్కో ప్యానెల్‌కు ఇద్దరుండాలి, పిట్టగోడ అంచున బెల్టు కట్టుకోవాలి, గాలి ఎక్కువైతే పని ఆపేయాలి. ఆ ఆపే మాట సూపర్వైజరే అనాలి. కూలోడు అంటే బద్ధకం అంటారు.

ఎండాకాలం మొదటి టీం పొద్దున 6కు మిద్దె ఎక్కి 11కు దిగుతుంది, మళ్లీ 4కు ఎక్కుతుంది. మనిషికి గంటకు ముప్పావు లీటరు చొప్పున నలుగురికి అయిదు గంటలంటే 15 లీటర్లు. అందుకే 20 లీటర్ల క్యాన్ వ్యానులో దిగే మొదటి సామాను. పని మొదలవకముందే సూపర్వైజర్ ఇంటివాళ్లను అడిగేవి రెండే: సద్ది తినడానికి నీడ, బాత్రూం ఎక్కడ. "అట్లే ఆ ఫ్యాను కూడా బిగించిపోండప్పా" అని ఇంటివాళ్లంటే, "నాతో మాట్లాడండి సార్" అని అడ్డం నిలబడేది కూడా ఆయనే. ఊరు దాటితే బత్తా ఆ పొద్దునే చేతికిస్తాడు, కూలి శనివారం. రెండో టీంకు మూడు వారాల బత్తా బాకీ ఉందని ఉగ్గాని తినేచోట వాళ్ల మాటల్లోనే బయటపడింది.

పదిమంది, ఆపైన పనిచేసే సంస్థకు ఈఎస్ఐ (పనోళ్ల వైద్య బీమా) తప్పదు. పాతవాళ్లకు కార్డులున్నాయి, కొత్తగా చేరినవాళ్లకు ఇంకా చేయలేదు. మిద్దె మీది పనికి ఇది చిన్న లోపం కాదు.

మొత్తం మీద 5కి 3. తీసుకోదలిస్తే అడ్వాన్స్ ఇచ్చేముందే ఏ సూపర్వైజర్ వస్తాడో, ఆరోజు ఆయనకు ఇంకెన్ని సైట్లున్నాయో అడగండి. ఎర్త్ రీడింగ్ మూడు గుంతలకూ మీ కళ్లముందే తీయించుకుని కాగితం మీద రాయించుకోండి. బిగించాక కడిగే పద్ధతి చూపించడం మాత్రం రెండు టీములూ బాగానే చేస్తున్నాయి: తెల్లారకముందే మెత్తని గుడ్డతో కడగాలి, మధ్యాహ్నం కాలే అద్దం మీద చన్నీళ్లు పోయకూడదు. తాడిపత్రి వైపు బండల పాలిష్ దుమ్ము పడే ఇళ్లకైతే పది రోజులకోసారి కడగమని చెబుతున్నారు.