రేంజ్‌ఫైండర్ కెమెరాకు సూదిబెజ్జం మూత: ఇస్కపల్లిలోనూ చీమకుర్తిలోనూ వాడి చూశాక

లెన్సు బిగించాల్సిన చోట నడుమ సూదిబెజ్జం ఉన్న మూతను బిగించి ఫొటోలు తీయడం ఫిల్ము రోజులతోనే పోలేదు. డిజిటల్ కెమెరాలకూ అలాంటి పిన్‌హోల్ మూతలు దొరుకుతున్నాయి. నేను లైకా ఎం9 అనే డిజిటల్ రేంజ్‌ఫైండర్ కెమెరాకు పెట్టి వాడుతున్న మూతలో ఒక అల్యూమినియం కట్టు, దాని నడుమ పలుచని ఉక్కురేకు, ఆ రేకులో లేజరుతో వేసిన 0.2 మి.మీ. బెజ్జం తప్ప మరేమీ లేవు. అద్దం లేదు, తిప్పాల్సిన వలయం లేదు, చెడిపోవడానికి భాగాలంటూ లేవు. అయితే ఈ మూత బాగోగులను విడిగా తేల్చలేము, ఎందుకంటే అందులో సగం కెమెరాను బట్టి, మిగతా సగం మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఎండనూ గాలినీ బట్టి ఉంటాయి.

కెమెరా విషయంలో రేంజ్‌ఫైండర్‌కు ఉన్న అనుకూలత ఎస్ఎల్ఆర్‌కు లేదు. ఎస్ఎల్ఆర్ కెమెరాలో మనం లెన్సు గుండానే చూస్తాము కనుక, లెన్సు స్థానంలో సూదిబెజ్జం పెట్టగానే వ్యూఫైండర్ చీకటి గదిగా మారుతుంది. రేంజ్‌ఫైండర్‌లో చూసే కిటికీ వేరు, కాంతి సెన్సర్‌ను చేరే దారి వేరు. అందువల్ల ముందు ఏది బిగించినా దృశ్యం ఎప్పటిలాగే వెలుతురుగా కనిపిస్తుంది. ఎం మౌంటు, అంటే ఈ కెమెరాలో లెన్సు బిగించే వలయం, అంచుకూ సెన్సర్‌కూ మధ్య దూరం 27.8 మి.మీ. కాబట్టి, బెజ్జం ఆ అంచుకు సమంగా ఉంటే చిత్రం 28 మి.మీ. లెన్సు చూపేంత వెడల్పుగా వస్తుంది. ఎం9లో ముందున్న చిన్న మీటను పక్కకు నొక్కితే 28 మి.మీ. గీతలు కనిపిస్తాయి, వాటి మధ్య దృశ్యాన్ని కూర్చుకుంటే చాలు. ఫోకస్ చేయాల్సిన పని లేదు. సూదిబెజ్జానికి దగ్గరా దూరమూ ఒకటే కనుక, మామూలుగా ఫోకస్ కోసం కలపాల్సిన రెండు బొమ్మలు వ్యూఫైండర్ మధ్యలో కలవకపోయినా పట్టించుకోనక్కర లేదు. ఇస్కపల్లి ఉప్పు మడుల దగ్గర నేను ఇలా తీస్తుంటే పక్కనే పనిచేస్తున్న ఒక పెద్దాయన కాసేపు చూసి, ‘ఏంది సారూ, మూత తియ్యకుండానే తీస్తా ఉండారే!’ అన్నాడు. చూసేవారికి అది నిజంగానే మూతలా కనిపిస్తుంది.

వెలుతురు లెక్క చూద్దాము. సెన్సర్ దూరాన్ని బెజ్జం వ్యాసంతో భాగిస్తే, కాంతి దారి ఎంత ఇరుకో చెప్పే ఎఫ్ అంకె సుమారు ఎఫ్/140 వస్తుంది. నిండు ఎండలో ఎఫ్/16 దగ్గర షట్టరు సమయం, ఒకటిని ఐఎస్ఓ (సెన్సర్ కాంతిని ఎంత చురుగ్గా పట్టాలో చెప్పే అంకె)తో భాగిస్తే వచ్చినన్ని సెకన్లు ఉండాలనే పాత సూత్రం ప్రకారం, ఎఫ్/140 దగ్గర దానికి 76 రెట్లు పట్టాలి. అంటే ఐఎస్ఓ 160 పెడితే సుమారు అర సెకను, 1250 పెడితే 1/16 సెకను, 2500 పెడితే దాదాపు 1/30 సెకను. కెమెరాలోని మీటరును ఇంత తక్కువ కాంతిలో నమ్మడం కన్నా, ఈ అంకెలను గుర్తుపెట్టుకుని వెనుక తెరమీద చూసి సరిదిద్దుకోవడమే మేలని నా అభిప్రాయం. వేసవి పగటిపూట నెల్లూరు ఎండ ఈ మూతకు సరిగ్గా సరిపోతుంది, ట్రైపాడ్ లేకుండానే పని జరుగుతుంది. చిత్రం ఎలాగూ మెత్తగానే వస్తుంది కాబట్టి చేతి వణుకు అందులో కలిసిపోతుంది. ట్రైపాడ్ మీద అర సెకను తీసినప్పుడు మాత్రం ఫలితం మరోలా ఉంటుంది. ఉప్పును చెక్కపారతో దగ్గరికి లాగుతున్న మనిషి నడుము కింది భాగం నిలిచి, చేతులూ పారా పొగలా చెదిరిపోయి, వెనకున్న ఉప్పు రాశులు మాత్రం కదలకుండా ఉన్న చిత్రం నాకు అక్కడే దొరికింది.

ఇక స్ఫుటత. పిన్‌హోల్ బెజ్జం ఎంత ఉండాలో భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ 1891లోనే విచారించాడు. బెజ్జం పెద్దదైతే దాని వెడల్పే చిత్రాన్ని మసకబారుస్తుంది, మరీ చిన్నదైతే కాంతి తరంగాలు అంచుల దగ్గర వంగి చెదిరి మసకబారుస్తాయి. 28 మి.మీ. దూరానికి ఈ రెండింటి మధ్య రాజీ 0.2 మి.మీ. చుట్టుపక్కలే కుదురుతుంది, దాన్ని దాటి మెరుగుపరచడం ఏ తయారీదారు వల్లా కాదు. అప్పుడు కూడా దృశ్యంలోని ఒక్కో బిందువు సెన్సర్ మీద దాదాపు 0.2 మి.మీ. మచ్చగా పడుతుంది, అంటే ఎం9లో సుమారు 30 పిక్సెళ్ల వెడల్పు. 1.8 కోట్ల పిక్సెళ్లకు డబ్బు పెట్టినవారు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి. చీమకుర్తి క్వారీలో ఇది బాగా తెలిసివచ్చింది. అక్కడి బ్లాక్ గెలాక్సీ రాయికి పేరు తెచ్చిన బంగారు చుక్కలు మామూలు లెన్సుకు చక్కగా అందుతాయి. సూదిబెజ్జానికి ఒక్కటీ అందలేదు, రాయి వట్టి నల్లరాయిగా మిగిలింది. కానీ మెట్లు మెట్లుగా కోసిన క్వారీ గోడ, దాని అడుగున పడిన నీడ, పైన ఖాళీ ఆకాశం ఈ మూతతో వచ్చినంత నిండుగా నా మంచి లెన్సుతో రాలేదు. ఆ చిత్రాలను 1,200 పిక్సెళ్ల వెడల్పుకు కుదించినా వివరం ఏమీ పోదు, పైగా ఎక్కువ ఐఎస్ఓ వల్ల వచ్చిన గరుకుదనం చాలావరకు తగ్గుతుంది.

అసలు చిక్కు ధూళితో. సెన్సర్ మీది గాజుపైన వాలిన ధూళికణం కాంతిని గ్రహించే పొరకు మిల్లీమీటరు కూడా దూరం ఉండదు. ఎఫ్/4 దగ్గర వాడే లెన్సు నుంచి కాంతి వెడల్పాటి శంకువుగా వచ్చి దాని నీడను చెరిపేస్తుంది, ఎఫ్/140 దగ్గర ఆ శంకువు దారంలా సన్నబడి నీడ అంచును పిక్సెల్‌తో సహా గీస్తుంది. ఫలితంగా దృశ్యమంతా మెత్తగా ఉన్న చిత్రంలో కత్తి అంచుతో కనిపించేవి ధూళిమచ్చలే. మైపాడు తీరంలో కానీ, ఉప్పు మడుల మీద కానీ, క్వారీలో కానీ లెన్సు తీసి మూత బిగించకూడదు. ఇంటి దగ్గరే బ్లోయరుతో సెన్సర్‌ను ఊది, మూత బిగించి బయలుదేరి, తిరిగి వచ్చేదాకా విప్పకపోవడమే మార్గం. బెజ్జానికి కూడా కాపలా కావాలి. సముద్రపు గాలిలోని తేమ ఆరి ఉప్పు గడ్డకట్టినా, చొక్కా నూలుపోగు అడ్డుపడినా చిత్రం ఒక పక్కకు సాగినట్టు వస్తుంది. దాన్ని నోటితో ఊదకూడదు, సూదితో పొడవకూడదు. కిటికీ వెలుతురుకు ఎత్తి భూతద్దంలో చూసి, బ్లోయరు వాడితే సరిపోతుంది.

మూలలకు కాంతి చాలా ఏటవాలుగా చేరుతుంది కనుక అక్కడ మధ్యభాగంతో పోలిస్తే 40 శాతానికి లోపే వెలుతురు పడుతుంది, కొద్దిగా రంగు కూడా మారుతుంది. మెనూలో 28 మి.మీ. లెన్సును ఎంచుకుంటే కొంత సర్దుకుంటుంది. నేనైతే నలుపుతెలుపులోకి మార్చి ఊరుకుంటాను. బెజ్జానికి బదులు వలయాలు ముద్రించిన జోన్ ప్లేటు ఉన్న మూతలూ వస్తున్నాయి. వాటికి ఎక్స్‌పోజర్ తక్కువ చాలు కానీ తెల్లని వస్తువు చుట్టూ వచ్చే కాంతివలయం ఉప్పు రాశులకు నప్పలేదు.

ఈ కెమెరా ఇప్పటికే ఉన్నవారు నిరభ్యంతరంగా కొనవచ్చు, ఈ మూత కోసమని కెమెరా కొనడం మాత్రం తగదు. కొనేముందు బెజ్జం వ్యాసమూ, బిగించాక సెన్సర్ నుంచి బెజ్జానికి ఉండే దూరమూ రాసి ఉన్నాయో లేదో చూడాలి. ఆ రెండు అంకెలు ఇవ్వని మూతను ఎంత చవకైనా వదిలేయండి. డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే కెమెరాతో వచ్చే ప్లాస్టిక్ మూతలాంటిదే ఇంకొకటి కొని, లేతు పనివారి దగ్గర నడుమ అర అంగుళం రంధ్రం వేయించి, వెనుకవైపు సూదిబెజ్జం వేసిన ఇత్తడి రేకు అతికించుకోవచ్చు. రంధ్రం అంతకన్నా ఇరుకైతే మూత మందమే మూలలను కోసేస్తుంది. ప్లాస్టిక్ రజను పూర్తిగా కడిగి ఆరబెట్టాకే ఆ మూతను కెమెరాకు తగిలించాలి.