“ఫుల్ సర్వీస్ చేసిన” సీఆర్‌టీ మానిటర్ కొనేముందు జాగ్రత్త

“కెపాసిటర్లన్నీ మార్చేశానండీ, బొమ్మ కొత్తదానిలా ఉంది” అన్నాడు నాకు పాత సీఆర్‌టీ (గాజు పిక్చర్ ట్యూబ్ ఉండే రకం) మానిటర్ అమ్మినాయన. పంపిన వీడియోలో నిజంగానే బ్రహ్మాండంగా ఉంది. అందులో మానిటర్ అప్పటికే బాగా వేడెక్కి ఉందన్న సంగతే నాకు తట్టలేదు.

ఇంట్లో ఆన్ చేస్తే తెల్లగా ఉండాల్సినవన్నీ ఆకుపచ్చ, నీలం కలిసిన రంగులో. ఎరుపు తేరుకోవడానికి పది నిమిషాలు పట్టింది. ఆ తర్వాతా నలుపు నలుపులా లేదు, బూడిదరంగు. దాని మీద ఏటవాలుగా సన్నటి తెల్ల గీతలు. బ్రైట్‌నెస్ తగ్గించినా పోలేదు.

వెనక మూత విప్పాక బండారం బయటపడింది. ఫ్లైబ్యాక్ (ట్యూబ్‌కి హై వోల్టేజీ ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్) మీద ఫోకస్, స్క్రీన్ అని రెండు నాబ్‌లుంటాయి. స్క్రీన్ నాబ్ కదలకుండా వేసిన సీల్ పగిలి ఉంది. పిక్చర్ ట్యూబ్‌లో ఎలక్ట్రాన్లు వదిలే కాథోడ్లు అరిగిపోతే ఈ నాబ్ తిప్పి, వాటిని ముందుకు లాగే స్క్రీన్ గ్రిడ్ వోల్టేజీ (జీ2) పెంచుతారు. ముసలి ఎద్దును ముల్లుకర్రతో పొడిచినట్టే, కాసేపు నడుస్తుంది. నేను సరైన చోటికి తగ్గించగానే గీతలు పోయాయి, నలుపు కుదిరింది. ఎరుపు మాత్రం చచ్చిపోయింది.

ఇక “అన్నీ” మార్చిన కెపాసిటర్లలో కొత్తవి రెండంటే రెండు, బొమ్మను నిలువుగా పరిచే వర్టికల్ సెక్షన్‌లో. పక్కనే పాతదానిలోని ద్రవం కారి బోర్డు మీది రాగిని తినేసింది. ఇలాంటివి మార్చుకోవచ్చు, విడిన సోల్డర్ మళ్లీ పెట్టుకోవచ్చు. అరిగిన ట్యూబ్‌కి నమ్మకమైన మందు లేదు. రెజువెనేటర్ (అరిగిన కాథోడ్లను కరెంటుతో మళ్లీ లేపే పరికరం) పెడితే కొన్నాళ్లు లేవచ్చు, ఉన్న కాస్తా పోనూవచ్చు.

కాబట్టి రాత్రంతా ఆపి ఉంచిన సెట్‌ను, స్విచ్ వేసిన క్షణం నుంచి కట్ లేకుండా తీసిన వీడియో అడగండి. చీకటి గదిలో పూర్తి నల్ల బొమ్మ, తర్వాత ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపించమనండి. ఆపేసిన స్క్రీన్‌ను వెలుతురులో ఫోటో తీయిస్తే మాడిన మచ్చలు తెలిసిపోతాయి. కొన్ని ప్రొఫెషనల్ మోడళ్ల మెనూలో వాడిన గంటలు కనిపిస్తాయి, అదీ అడగండి. మీరే మూత తీసి చూద్దామనుకుంటే మాత్రం వద్దు, పని తెలిసినవాళ్లకే వదిలేయండి. కలర్ ట్యూబ్ యానోడ్ (హై వోల్టేజీ వైరు తగిలే చోటు) దగ్గర 20 వేల వోల్టులు దాటి ఉంటుంది, ప్లగ్ తీసేశాక కూడా ఛార్జ్ మిగిలే ఉండొచ్చు.

డబ్బు వాపసు అడిగితే “పాత సామాను అంతే కదండీ” అన్నాడు, తర్వాత ఫోన్ ఎత్తలేదు. మానిటర్‌ను విడిభాగాలకు ఉంచాను. ఫ్లైబ్యాక్ మాత్రం గట్టిగానే ఉంది.