మంగళాజోడి పడవ షికారు: పిట్ట పేరుకు సాక్ష్యం అడిగే గైడు

బరంపురం నుంచి జాతీయ రహదారి మీద వంద కిలోమీటర్లకు పైగా వెళ్లి, టాంగి దగ్గర పక్కదారి పడితే చిలికా ఉత్తర తీరంలోని మంగళాజోడి వస్తుంది. గంజాం జిల్లాలోని మా తెలుగువారిలో చాలామంది చిలికా అంటే దగ్గరలో ఉన్న రంభతోనే సరిపెట్టుకుంటారు. కొండలూ ద్వీపాలూ చూడటానికి అది చాలు గాని, చలికాలపు పక్షుల కోసమైతే ఈ దూరం వెళ్లవలసిందే. మహానది పాయలైన దయా, భార్గవి నదుల మంచినీరు సరస్సు ఉత్తర భాగంలో కలుస్తుంది కనుక అక్కడ ఉప్పదనం తక్కువ, లోతూ తక్కువ. రెల్లు, తుంగ దట్టంగా పెరిగి, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సూదితోక బాతులకూ, బాపన బాతులకూ, బురదలో మేత వెతుక్కునే పొడవు ముక్కు పిట్టలకూ ఆశ్రయమిస్తాయి.

ఇక్కడి పడవలకు మోటారు ఉండదు, గెడతో తోస్తారు. ఒకప్పుడు పక్షుల వేటకు పేరుపడిన ఊరు ఇది. ఆ వేటగాళ్లే తరువాత కాపలాదారులుగా మారారు. మా గైడూ ఆ తరం పెద్దాయనే. ఈ సేవకు నేను ఎక్కువ మార్కులు వేయడానికి కారణం ఆయన కంటిచూపు కన్నా ఆయన నిదానం. మాతో వచ్చిన ఒకరు ఒక పిట్టను చూసి, మన దేశంలో అరుదుగా కనిపించే ఏషియన్ డౌవిచర్ అని సంబరపడ్డారు. పెద్దాయన గెడను బురదలో దించి పడవను నిలిపి, ముక్కు మొదలు చూడమన్నారు. అక్కడ గులాబి రంగు ఉంది. డౌవిచర్ ముక్కు అయితే మొత్తం నలుపే, కొస కొంచెం ఉబ్బి ఉంటుంది. పిట్ట లేచినప్పుడు రెక్క మీద తెల్లని పట్టె, నల్లని తోక కనిపించడంతో అది ఇక్కడ వందలుగా మేసే నల్లతోక గాడ్‌విట్ అని తేలింది. అవునని తలూపితే బక్షీసు పెరిగేదే, ఆయన ఊపలేదు. ఏటా జనవరిలో చిలికా అంతటా పక్షుల గణన జరుగుతుంది కాబట్టి ఇటువంటి పట్టింపు చాదస్తం కాదు.

ఆ తరువాత రెల్లు అంచున చాలాసేపు కదలకుండా ఆగినందుకు బెయిలన్స్ క్రేక్ బయటికి వచ్చింది. పిచ్చుక కన్నా కాస్త పెద్దది. గోధుమ రంగు వీపు మీద సున్నం చిలకరించినట్టు తెల్లని చారలు, ముఖం బూడిద నీలం. ఈసారి పేరు ఆయనే చెప్పారు, అదీ ఫొటోలో ముక్కు మొదట్లో ఎరుపు లేదని చూసుకున్నాకే.

లోపాలూ ఉన్నాయి. మాకు ఇచ్చిన బైనాక్యులర్ ఫోకస్ చక్రం వదులై, చూస్తుండగానే బొమ్మ చెదిరిపోయేది. సొంతది ఉంటే తీసుకువెళ్లండి. కూర్చునే పలకకు ఆనుడు లేదు, నడుమునొప్పి ఉన్నవారికి కష్టం. గైడు ఒడియా, హిందీ మాట్లాడతారు. ఇంట్లో తెలుగైనా బజారులో ఒడియా మాట్లాడే మా బరంపురం వారికి అది అడ్డు కాదు గాని, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చేవారు భాష తెలిసిన ఒకరిని తోడు తెచ్చుకోవడం మేలు. పక్షులను దగ్గరగా ఫొటో తీయాలని పట్టుబట్టేవారికి ఈ పడవ నచ్చకపోవచ్చు, ఎందుకంటే గుంపు తలలెత్తిన వెంటనే పెద్దాయన గెడ వెనక్కి వేసేస్తారు.