సెర్ఫ్ నిధా, దేశస్థాయి ఉమ్మడి నిధా?

రెండూ విపత్తుల్లో, యుద్ధాల్లో చిక్కుకున్నవారికి సాయం అందించడానికి ఐక్యరాజ్యసమితి నడిపే నిధులే, రెండింటికీ ప్రధాన దాతలు ప్రభుత్వాలే. తేడా అంతా డబ్బు ఎవరి చేతికి వెళ్తుందన్న దగ్గరే.

కేంద్ర అత్యవసర స్పందన నిధి, అంటే సెర్ఫ్‌ను 2005 డిసెంబరులో సర్వప్రతినిధి సభ ఆమోదించింది. దీని బలం వేగం. సొమ్ము ముందే జమై ఉంటుంది కాబట్టి భూకంపం వచ్చాక దాతల చుట్టూ తిరగనక్కర్లేదు. లోకం మరచిపోయిన సంక్షోభాలకూ ఇందులో విడిగా వాటా ఉంది. నా దృష్టిలో దీని అసలు గొప్పతనం అదే. కెమెరాలు వెళ్లని చోటికి విరాళాలూ అంతంతమాత్రమే. అయితే నేరుగా అందుకునేది దాదాపుగా ఐరాస సంస్థలే. స్థానిక సంస్థకు వాటి ద్వారా చేరేసరికి కొంత సమయం, కొంత నిర్వహణ ఖర్చు.

దేశస్థాయి నిధిలో నిర్ణయం అక్కడే ఉండే మానవతా సమన్వయకర్తది, అంటే ఆ దేశంలో సహాయ చర్యలను సమన్వయం చేసే ఐరాస అధికారిది. స్థానిక స్వచ్ఛంద సంస్థలకు నేరుగా ఇవ్వొచ్చు. దాతలు, సహాయ సంస్థలు 2016లో కుదుర్చుకున్న ‘గ్రాండ్ బార్గెయిన్’ ఒప్పందం మానవతా నిధుల్లో 25 శాతం స్థానిక సంస్థలకు చేరాలని లక్ష్యం పెట్టింది; దానికి ఇదే దగ్గరి దారి. కాకపోతే ఆడిట్లు, అర్హత పరీక్షలు చిన్న సంస్థలకు భారం. పైగా ఈ నిధి అన్ని దేశాల్లోనూ లేదు.

హఠాత్తు విపత్తుకు సెర్ఫ్. ఏళ్ల తరబడి సాగే యుద్ధానికి, అక్కడ నిధి ఉంటే, నా ఓటు రెండోదానికే.