నానమ్మ మోకాళ్లు, అంకోర్ మెట్లు

కంబోడియాలో అంకోర్ గుళ్లు చూడాలంటే దిగాల్సిన ఊరు సియెం రీప్. అక్కడ ఏ హోటల్ కౌంటర్‌లో అడిగినా, ఏ ఏజెంటు పంపిన కాగితం చూసినా ఒకటే ప్యాకేజీ కనిపిస్తుంది. తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరడం, అంకోర్ వాట్ దగ్గర సూర్యోదయం, ఆ తర్వాత బాయోన్, తా ప్రోమ్, ఎండలో ఇంకో రెండు గుళ్లు, సాయంత్రం ఫ్నోమ్ బాఖెంగ్ కొండ మీద సూర్యాస్తమయం. దాదాపు పద్నాలుగు గంటల తిరుగుడు. కాలేజీ కుర్రాళ్లకి ఇది బాగానే ఉంటుంది. ఎనిమిదేళ్ల పిల్లాడు, డెబ్బై ఏళ్ల నానమ్మ ఉన్న కుటుంబానికి కూడా ఇదే అంటగట్టడం మాత్రం అన్యాయం. పదకొండయ్యేసరికి పిల్లాడు నేల మీద చతికిలబడతాడు. నానమ్మ "మీరు చూసి రండి, నేనిక్కడే కూర్చుంటా" అంటుంది. సముద్రాలు దాటి వచ్చి ఆవిడతో ఆ మాట అనిపించామంటే పెట్టిన డబ్బంతా దండగే.

ఎందుకంటే అంకోర్‌లో అసలైన గైడు నానమ్మే. ఈ గోడల నిండా ఉన్నది లంకా యుద్ధం, కురుక్షేత్రం, క్షీరసాగర మథనం, ఖాండవ దహనం. లైసెన్సు గైడు ఇంగ్లీషులో ముక్తసరిగా చెప్పే కథని ఆవిడ అరగంట చెప్పగలదు, పిల్లలు అడిగే ప్రశ్నలకి జవాబూ ఇవ్వగలదు. అందుకే ఇక్కడ ప్లాను వేసేటప్పుడు ఎన్ని గుళ్లు చూస్తాం అని కాదు, ఆవిడ మోకాళ్లని ఎక్కడ ఖర్చు పెడతాం అని లెక్క వేసుకోవాలి. ప్యాకేజీవాళ్లు వాటిని సూర్యోదయపు నిలబాటుకి, కొండ మెట్లకి ఖర్చు చేయించి, బొమ్మల గోడ దగ్గరికి వచ్చేసరికి ఏమీ మిగల్చరు.

ముందు టికెట్ల సంగతి. ఒక రోజుకి 37 డాలర్లు, మూడు రోజులకి 62, ఏడు రోజులకి 72. రెండు రోజులు చూడాలనుకున్నా విడివిడిగా 74 అవుతుంది కాబట్టి మూడు రోజుల పాసే చవక. ఆ మూడు రోజులూ వరసగా ఉండక్కర్లేదు, పది రోజుల్లో ఎప్పుడైనా వాడుకోవచ్చు. మధ్యలో ఒక రోజు పూర్తిగా విశ్రాంతి తీసుకునే వెసులుబాటు అదే ఇస్తుంది, కుటుంబాలకి దాన్ని మించిన సౌకర్యం లేదు. పన్నెండేళ్ల లోపు పిల్లలకి టికెట్ లేదు, కానీ వయసు రుజువుకి పాస్‌పోర్ట్ అడుగుతారు, అసలుదే దగ్గర పెట్టుకోండి. నలుగురు పెద్దలు, తొమ్మిదేళ్ల పిల్ల అయితే 248 డాలర్లతో సరి. పాస్ మీద ఫొటో ఉంటుంది, కౌంటర్ దగ్గరే తీస్తారు, ఒకరి పాస్ ఇంకొకరికి పనికిరాదు. టికెట్ కేంద్రం గుళ్ల దగ్గర లేదు, ఊళ్లోంచి వెళ్లే వేరే రోడ్డులో ఉంది. తెలియక నేరుగా గుడికి వెళ్తే వెనక్కి పంపుతారు. సాయంత్రం ఐదు దాటాక కొంటే మర్నాటి తేదీతో ఇస్తారు, దాంతో పొద్దున్న క్యూ తప్పుతుంది. ప్రతి టికెట్‌లో 2 డాలర్లు పిల్లలకి ఉచితంగా వైద్యం చేసే కాంతా బోఫా ఆసుపత్రులకి వెళ్తాయి. ఈ మాట పిల్లలకి తప్పకుండా చెప్పండి.

ఇక అంకోర్ వాట్. పన్నెండో శతాబ్దం మొదటి సగంలో రాజు రెండో సూర్యవర్మ విష్ణువు కోసం కట్టించిన గుడి, ముఖం పడమరకి ఉంటుంది. సూర్యోదయం అందంగానే ఉంటుంది, కాదనను. కానీ ఉత్తరం వైపు కోనేటి గట్టున వందల మంది ఫోన్లు పైకెత్తి నిలబడి ఉంటే పొట్టి పిల్లలకి కనపడేది ముందువాళ్ల వీపులే. పదేళ్ల లోపు పిల్లలుంటే ఆ నిద్ర చెడగొట్టకండి. సూర్యోదయం చూసి తీరాలంటే స్రా స్రాంగ్ చెరువు గట్టుకి వెళ్లండి. అదీ ఉదయం 5 గంటలకే తెరుస్తారు, మెట్ల మీద కూర్చుని చూడొచ్చు, జనం తక్కువ.

గుడికి ఏడున్నర, ఎనిమిది మధ్య చేరండి. సూర్యోదయం గుంపు అప్పటికి టిఫిన్లకి కదులుతుంది. పడమటి వారధి కందకం మీద 190 మీటర్లు, లోపలి గోపురం దాటాక ఇంకో 350 మీటర్లు నడక. నీడ లేదు. అందుకే పొద్దున్నే నడవాలి. దారిలో పడమటి గోపురంలో కుడి పక్కన ఎనిమిది చేతుల విష్ణుమూర్తి ఉన్నాడు. స్థానికులు తా రీచ్ అంటారు, ఇప్పటికీ అగరొత్తులు వెలిగించి మొక్కుతారు. నానమ్మ అక్కడ కాసేపు ఆగుతుంది, ఆగనివ్వండి.

బొమ్మలున్న వసారా గుడి చుట్టూ ఉంటుంది, అంతా ఒకే ఎత్తులో, పైకప్పు నీడలో. ఒకసారి చెక్క మెట్లెక్కి అందులో అడుగు పెట్టాక అక్కడక్కడ గడపలు తప్ప ఎక్కే పని లేదు. గైడ్లు చాలామంది దీన్ని పది నిమిషాల్లో దాటించి పైకి తోలతారు. ఆ పని చేయనివ్వొద్దు. ముందు ఎడమకి తిరగండి. అక్కడుంది లంకా యుద్ధం. వానరులు రాక్షసుల్ని కొరుకుతూ, రక్కుతూ ఒకరి మీద ఒకరు పడి ఉంటారు. ఆ కిక్కిరిసిన గోడలో రాముణ్ణి వెతికే పని పిల్లలకి అప్పగించండి. హనుమంతుడి భుజాల మీద నిలబడి బాణం వేస్తుంటాడు, వెనక లక్ష్మణుడు, విభీషణుడు. ఎదురుగా సింహాలు లాగే రథం మీద రావణుడు. తలలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి, పిల్లలు తప్పకుండా లెక్కపెడతారు.

వెనక్కి వచ్చి కుడి వైపు వెళ్తే కురుక్షేత్రం. ఎడమ నుంచి కౌరవులు, కుడి నుంచి పాండవులు కవాతు చేస్తూ వచ్చి మధ్యలో తలపడతారు. కౌరవుల వైపు, గోడ పైభాగంలో అంపశయ్య మీద భీష్ముడు. అక్కడి నుంచి మలుపు తిరిగి దక్షిణపు వసారా రెండో సగానికి వెళ్తే యముడు, చిత్రగుప్తుడు, 37 స్వర్గాలు, 32 నరకాలు. టూరు గుంపులు ఇక్కడ ఆగవు. పిల్లలు మాత్రం కదలరు, ఏ తప్పుకి ఏ శిక్షో అడిగి నానమ్మని ఊపిరాడనివ్వరు. మళ్లీ మలుపు తిరిగితే తూర్పు వసారాలో క్షీరసాగర మథనం. సుమారు 49 మీటర్ల పొడవున ఒకటే చిత్రం, 92 మంది అసురులు, 88 మంది దేవతలు, మధ్యలో విష్ణువు, కింద కూర్మం. దేవతల వరసలో వాసుకి తోక చివర ఒక వానరుడు పట్టుకుని ఉంటాడు. హనుమంతుడంటారు. మన పురాణంలో ఆయన అక్కడ లేడు కదా అన్న తగవు నానమ్మకీ గైడుకీ తప్పదు, ఆ తగవు వినడానికే టికెట్ డబ్బు చెల్లిపోతుంది.

ఈ వరసలో నడిస్తే గుడి మనకి ఎడమ పక్కన ఉంటుంది, అంటే అప్రదక్షిణం. పెద్దవాళ్లు అభ్యంతరం చెప్పొచ్చు, కానీ బొమ్మల కథాక్రమమే అలా ఉంది. మథనం చూశాక వచ్చిన దారిన వెనక్కి నడవకండి. వ్యాను డ్రైవర్‌ని తూర్పు ద్వారం దగ్గర ఉండమని ముందే చెప్పండి. అటు నీడ ఉన్న మట్టిదారి, జనం ఉండరు, ఎండలో అర కిలోమీటరు పైచిలుకు తిరుగు నడక తప్పుతుంది. ఈ ఒక్క ఏర్పాటుతో మధ్యాహ్నం ఇంట్లోవాళ్ల మొహాల్లో కళ నిలబడుతుంది.

పైన ఉన్న గర్భగుడి అంతస్తుని బకాన్ అంటారు. నిటారు మెట్లు, పన్నెండేళ్ల లోపు పిల్లల్ని ఎక్కనివ్వరు, భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలుండాలి, చేతుల్లేని జాకెట్టు మీద చున్నీ కప్పుకుంటే ఒప్పుకోరు. బౌద్ధుల పర్వదినాల్లో అసలు తెరవరు. అవి పౌర్ణమికి, అమావాస్యకి, అష్టములకి వస్తాయి కాబట్టి మన పంచాంగం చూసుకుంటే దాదాపు సరిపోతుంది, ఒక రోజు అటూ ఇటూ అవుతుంది. ఇంట్లో ఇద్దరు ఎక్కితే చాలు, మిగతావాళ్లు కింద ఉంటే నష్టమేమీ లేదు. ఫ్నోమ్ బాఖెంగ్ పూర్తిగా వదిలేయండి. ఒకసారికి 300 మందినే పైకి పంపుతారు కాబట్టి ముందే వెళ్లి ఎండలో కాచుకోవాలి, పైగా కొండ నడక, ఆ పైన మెట్లు.

రెండో రోజు బంటియే స్రేకి ఇవ్వండి. మూడు తరాలు కలిసి చూడ్డానికి దీన్ని మించింది అంకోర్‌లో లేదన్నది నా గట్టి అభిప్రాయం. క్రీ.శ. 967 నాటి శివాలయం, రాజు కట్టింది కాదు, యజ్ఞవరాహుడనే పండితుడు కట్టించాడు. గులాబీ రంగు ఇసుకరాయి, చిన్న గుడి, నేల మీదే నిలబడి అంతా చూడొచ్చు. లోపల గ్రంథాలయాలని పిలిచే చిన్న కట్టడాలున్నాయి. దక్షిణపు గ్రంథాలయం తూర్పు ముఖం మీద కైలాసాన్ని పెళ్లగిస్తున్న రావణుడు. మెట్లు మెట్లుగా ఉన్న కొండ, బెదిరి పరుగెత్తే జంతువులు, శివుణ్ణి గట్టిగా పట్టుకున్న పార్వతి. ఉత్తరపు గ్రంథాలయం మీద ఖాండవ దహనం, ఇంద్రుడు కురిపించే వాన ఏటవాలు గీతల్లా ఉంటుంది. అదే కట్టడం వెనక వైపుకి వెళ్తే కృష్ణుడు కంసుణ్ణి జుట్టు పట్టి లాగుతున్నాడు. ఊరి నుంచి సుమారు 35 కిలోమీటర్లు, టుక్‌టుక్‌లో గంట పైనే, దుమ్ము. దీనికి ఏసీ వ్యానే మాట్లాడుకోండి. ఏడున్నరకి తెరుస్తారు, ఆ వేళకి ఉంటే పది దాటకుండా బయటపడొచ్చు. దారిలో ప్రేహ్ దాక్ ఊరి దగ్గర రోడ్డు పక్కనే బాణళ్లలో తాటిబెల్లం కాస్తుంటారు. నానమ్మకి తెలిసిన వాసన అది, వ్యాను ఆపించండి.

బాయోన్‌లో పైకెక్కకపోయినా పర్వాలేదు, గోపురాల మీది పెద్ద రాతి ముఖాలు కింది నుంచీ కనపడతాయి. బయటి గోడ మీద సంత, వంట, కోడిపందెం, పడవల యుద్ధం చూడండి. తా ప్రోమ్ 1186 నాటిది, రాజు ఏడో జయవర్మ తన తల్లి పేర కట్టించాడు. చెట్ల వేళ్లు చుట్టుకున్న గోడల్ని నిలబెట్టే పనిలో మన పురావస్తు శాఖ చేయి ఉంది. చెక్క దారి వేశారు కాబట్టి నడక సులువు.

టోన్లే సాప్ సరస్సులో పడవ ప్రయాణం గురించి మాత్రం ఘాటుగా చెప్పాలి. సరస్సు చూడదగ్గదే, వానాకాలం తర్వాత ఎన్నో రెట్లు పెరిగి చెట్ల కొమ్మల దాకా నీళ్లుంటాయి. చిక్కు పడవలతో. కొన్ని రేవుల్లో పడవ మధ్యలో ఒక తేలే దుకాణం దగ్గర ఆపి, బడి పిల్లలకి తిండి లేదు, ఒక బియ్యం బస్తా కొనిపెట్టండి అంటారు. బస్తాకి 50 డాలర్లు, ఆ పైన కూడా అడుగుతారు. బజారు ధరకీ దానికీ పొంతనే ఉండదు. మనం దిగిపోయాక ఆ బస్తా మళ్లీ దుకాణానికే చేరుతుందని పదేపదే వినిపించే ఫిర్యాదు. నీళ్ల మధ్య, పిల్లల ముందు కాదనడం పెద్దవాళ్లకి నామోషీగా ఉంటుంది, ఆ నామోషీ మీదే వ్యాపారం. పడవెక్కేముందే దారిలో ఆపొద్దని, దుకాణం వద్దని ఖరారు చేసుకోండి. ఊళ్లో రాత్రిళ్లు చంకలో బిడ్డతో వచ్చి డబ్బు వద్దు, పాలడబ్బా కొనిపెట్టు చాలు అనేవాళ్ల పద్ధతీ ఇదే. గుళ్ల దగ్గర పోస్టుకార్డులమ్మే పిల్లల దగ్గర కొనకండి, కొన్నన్నాళ్లూ వాళ్లు బడికి పోరు. "ఆ అబ్బాయి నా అంతే ఉన్నాడు, బడి లేదా?" అని మీ పిల్లాడు అడుగుతాడు. దాటవేయకుండా జవాబు చెప్పండి. అనాథాశ్రమం చూపిస్తామంటే అసలే వెళ్లొద్దు, పిల్లలు చూసి వచ్చే వింత కాదది.

తిండి విషయంలో మాంసం వద్దంటే సరిపోదు. చేప సాస్, ప్రహోక్ అనే చేపల ముద్ద కూరల్లోనూ పడతాయి. "న్యామ్ బువోస్" అంటే వ్రతం తిండి అని అర్థమవుతుంది, పైగా చేప సాస్ వద్దని విడిగా చెప్పండి. తూటికూర వేపుడు, తెల్లన్నం, టోఫుతో చేసిన అమోక్ అనే కొబ్బరిపాల కూర పెద్దవాళ్లకి నచ్చుతాయి.

డాలర్లూ రియల్‌లూ రెండూ చెల్లుతాయి, డాలరుకి సుమారు 4,000 రియల్‌లు. చిల్లర రియల్‌లలోనే ఇస్తారు. చిన్న చిరుగు, సిరా మరక ఉన్న డాలరు నోటు ఎవరూ తీసుకోరు, మీకు చిల్లరగా అలాంటిది ఇస్తే అక్కడే వెనక్కివ్వండి. 1, 5 డాలర్ల నోట్లు ఎక్కువ తెచ్చుకోండి. దగ్గరి గుళ్ల రౌండుకి టుక్‌టుక్ రోజుకి 15 నుంచి 20 డాలర్లు, నలుగురు పడతారు కానీ ఇద్దరు వెనక్కి తిరిగి కూర్చోవాలి. 2023 అక్టోబరులో తెరిచిన కొత్త విమానాశ్రయం ఊరికి 40 కిలోమీటర్ల పైనే ఉంది, పాత వ్యాసాల్లోని "పది నిమిషాలు" నమ్మకండి. దేశంలోకి వచ్చేవాళ్లు ఆన్‌లైన్‌లో నింపే ఈ-అరైవల్ ఫారం దిగడానికి ముందు 7 రోజుల్లో నింపాలి, ప్రభుత్వ సైటులో ఉచితం. డబ్బడిగే సైటు కనపడితే అది వేరెవరిదో, మూసేయండి.